పన్నెండు కొట్టేదాకా జాయిన్ కావొద్దు

మా కాలనీలో ‘జాయిన్’ అనే మాటను ఉప్పులాగ వాడతారు. ఏ కూరలోనైనా వేస్తారు. పిల్లను బడిలో జాయిన్ చేస్తారు, ముసలాయనను దవాఖానాలో జాయిన్ చేస్తారు. చిట్టీలో జాయిన్ అవుతారు. ఫోనులో ఏదో గ్రూపు ఉంటుంది, అందులోనూ జాయిన్ అయ్యి, ముఖం తెలియనివాళ్లకు పొద్దున్నే పూల బొమ్మలు పంపుతారు. మొన్నటికి మొన్న పక్క క్వార్టరాయన వచ్చి, తన అల్లుడు వాళ్లింట్లో జాయిన్ అయిండని చెప్పాడు. ఇల్లరికం వచ్చాడనడానికి ఆయనకు నోరు రాలేదు. నాకు ఒళ్లు మండింది. చేరడం, కలవడం, కూడడం, అతకడం, జతపడడం అని ఇన్ని మాటలు మన ఇంట్లో ఉండగా, అన్నింటినీ అటకెక్కించి ఆ ఒక్కదాన్నే ఊరంతా తిప్పుతున్నారు.

నేను బడికి పోయినవాణ్ణి కాను. మందమర్రిలో బొగ్గుబాయిలో పనికి కుదిరిన తర్వాత బస్సుల బోర్డులు చూసి అక్షరాలు పట్టుకున్నాను. కార్మికుల చదువుగదిలో ఒక ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు ఉండేది. అట్ట లేదు, ముందరి పేజీలు ఎవరో చింపుకుపోయారు. అందుకని ఏ, బీ అక్షరాల ఇంగ్లీషు నాకు ఇప్పటికీ రాదు. సీ నుంచి మాత్రం ఎవరికీ తీసిపోను. జాయిన్ అనే మాట అందులో భద్రంగానే ఉంది. ఒకదానితో ఒకటి కలిసి ఒకటి కావడం అని రాసి ఉంది. మంచి అర్థమే. అర్థంతో నాకేం పేచీ లేదు. నా పేచీ అంతా వాడేవాళ్లతోనే. వాళ్ల నోట్లో ఆ మాటకు అర్థం, పేరు రాయించుకుని కుర్చీలో కూర్చోవడం. కలవడం ఎక్కడుంది అందులో?

కలపడమంటే ఏమిటో నాకు కొంత తెలుసు. బాయిలో నా పని అదే. బొగ్గు తొట్లను ఏటవాలు దారిలో పైకి గుంజే ఇనుప తీగల తాడు ఉండేది. అది అరిగినచోట కోసి, మళ్లీ అతకాలి. ముడి వేస్తే నడవదు. ముడి పోయి చక్రం దగ్గర తట్టుకుంటుంది. అందుకని రెండు కొసలనూ చాలా దూరం విప్పి, ఒక తాడులోంచి ఒక పోగు తీసేసి, ఆ సందులో రెండో తాడు పోగును పడుకోబెట్టాలి. అట్లా ఒక్కొక్కటే. రెండు తాళ్లూ తమ పోగులు కొన్ని వదులుకుంటేనే అతుకు నిలబడేది. బాగా కుదిరితే ఎక్కడ అతికామో మాకే దొరికేది కాదు.

నేను బాయిలో చేరిన రోజున కూడా ఎవరూ జాయిన్ అనలేదు. సద్ది తెచ్చుకోవాలని తెలియక ఉత్త చేతులతో దిగాను. అన్నం వేళకు మా గ్యాంగులో పెద్దాయన తన గిన్నె మూత తీసి, అందులో ఒక ముద్ద పెట్టి పక్కవాడికిచ్చాడు. వాడొక ముద్ద, వాడి పక్కవాడొక ముద్ద. తిరిగి తిరిగి ఆ మూత నా దగ్గరికి వచ్చేసరికి నిండింది. లైటు వెలుగులో ఏది ఎవరి కూరో తెలియలేదు. పచ్చిపులుసు, ఎండుచేపలు, తొక్కు అన్నీ ఒకటైపోయాయి. మరునాటి నుంచి నన్ను ఎవరూ కొత్తవాడని పిలవలేదు.

ఇంత ఎందుకు చెప్తున్నానంటే, మా మనవరాలి జాయినింగు గురించి చెప్పాలని.

మా బిడ్డ బిడ్డ ఆమె. పంతులమ్మ ఉద్యోగం కోసం ఏళ్లకేళ్లు చదివింది. రెండుసార్లు కొద్దిలో తప్పింది. మూడోసారి వచ్చింది. భైంసా దాటిన తర్వాత, మహారాష్ట్ర గాలి తగిలే ఒక చిన్న ఊళ్లో ప్రాథమిక పాఠశాల. శుక్రవారం సాయంత్రం బడి మూసేలోపు పోయి చేరాలి, చేరకపోతే ఆ కొలువు వెనకున్నవాళ్లకు పోతుందని కాగితంలో ఉంది. శుక్రవారం గడువున్నప్పుడు మంగళవారమే పోయి కూర్చోవడం తెలివైనవాళ్ల పని. మా ఇంట్లో తెలివికంటే పంచాంగానికి విలువెక్కువ.

పంచాంగం అంటే మా ఇంటామె. సోమవారం నాడు కాగితం చేతికొచ్చింది. మంగళవారం కొత్త పని మొదలుపెట్టొద్దంది. బుధవారం అమావాస్య. గురువారం తెల్లవారుజామునే బయలుదేరాం. గడప దాటుతుంటే తుమ్ము వినబడింది. మా ఇంటామె మనవరాలి రెక్క పట్టుకుని లోపలికి గుంజింది. తుమ్మింది నేనే. నాకు ఎన్నేళ్ల నుంచో బొగ్గు దుమ్ము తుమ్ములు. రోజూ పొద్దున లేస్తే తుమ్ముతాను. ఆ లెక్కన మా ఇంట్లోంచి ఎవరూ ఎన్నడూ బయటికి పోకూడదు. ఎంత చెప్పినా వినలేదు.

“శుక్రారం లచ్చిందేవి రోజు, గా రోజే పోతరు,” అంది. “నువ్వు మాత్రం ముక్కుకు దస్తీ కట్టుకో.”

ఇట్లా శుక్రవారం ఒక్కటే మిగిలింది. వాళ్ల నాయనకు డ్యూటీ, మా బిడ్డకు బస్సు పడదు. తోడు నేనే పోయాను. చీకటుండగానే మొదటి బస్సు పట్టుకుని మంచిర్యాల, అక్కడినుంచి నిర్మల్ బస్సు. మనవరాలు ఒళ్లో ఫైలు పెట్టుకుని, దాని మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చుంది. ఖానాపూర్ దగ్గర ఎక్కిన ఒక ముసలమ్మ పక్కన కూర్చుని, ఎక్కడికి పోతున్నవ్ బిడ్డా అని అడిగింది. జాయిన్ అయ్యేటందుకు పోతున్న అవ్వా అని మా పిల్ల చెప్పింది. ముసలమ్మ ఆ ఫైలును చూసి, పిల్ల ముఖం చూసి, నాలుక చప్పరించింది. ఇంత చిన్న వయసుల ఏమొచ్చిందమ్మా, ఏ దవాఖానా అని బాధపడింది. తర్వాత నా వైపు తిరిగి, మంచిగైతది ఫికర్ చెయ్యకు అని నాకు ధైర్యం చెప్పింది. నేను అప్పుడే అన్నాను మనవరాలితో, చూడు, చేరబోతున్న అంటే నీకేం పోయేదని. తాతా, జర ఊకో అంది.

నిర్మల్‌లో బస్సు మారి, భైంసాలో దిగి, ఆటో మాట్లాడుకుని, పత్తి చేన్ల నడుమ నుంచి బడికి చేరేసరికి పదిన్నర దాటింది. గేటు తెరిచే ఉంది. లోపల పిల్లలు ఎక్కాలు చదువుతున్నారు. మనవరాలు కొంగు సర్దుకుని, కుడికాలు ఎత్తింది. అప్పుడే ఫోను మోగింది.

కాలు కిందికి దిగింది. ఫోనులో మా ఇంటామె.

“లోపటికి పోయినవా? పోలే గదా? పోకు బిడ్డా. రాహుకాలం మొదలైంది. పన్నెండు కొట్టేదాకా జాయిన్ కావొద్దు. గీ ముచ్చట ఎవ్వలకు చెప్పకు సుత, చెప్తే మొదలుపెట్టినట్టే.”

నేను ఫోను గుంజుకుని, ఇంత దూరం వచ్చి గేటు దగ్గర కూర్చోవాల్నా అని అడిగాను. ఇంత దూరం వచ్చినోళ్లకు గింతసేపు కూసునుడు కష్టమా అంది. ఆమెతో వాదన పెట్టుకుంటే రాహుకాలం మన వైపే ఉంటుంది ఎప్పుడూ. మనవరాలు నవ్వి, పోనీ తాతా, సాయంత్రం దాకా టైం ఉన్నది, అమ్మమ్మ మనసు ఎందుకు నొప్పియ్యాలె అంది. గేటు పక్కన గోడ నీడలో దస్తీ పరిచి కూర్చున్నాం. మేకలు వచ్చి మమ్మల్ని చూసి పోయాయి. వంటగదిలోంచి పప్పు ఉడికే వాసన వస్తోంది. ఆ గోడ మీద నీతివాక్యాలు రాసి ఉన్నాయి. వాటిలో తప్పులు వెతుకుతూ నేను పొద్దుపుచ్చాను. దొరికాయి.

పన్నెండుకు ఇంకా కొంచెం ఉందనగా లోపలినుంచి ఒక బండి వచ్చింది. బండి మీద నెరిసిన గడ్డం, ఇస్త్రీ చేసిన తెల్ల లాల్చీ, జేబులో టోపీ. మమ్మల్ని చూసి బండి ఆపాడు. ఎవరి కోసం వచ్చిండ్రమ్మా అని మర్యాదగానే అడిగాడు. మనవరాలు లేచి నిలబడింది. నోరు తెరిచింది. అమ్మమ్మ మాట గుర్తొచ్చినట్టుంది, మూసింది.

“ఎవ్వల కోసం గాదు సార్,” అంది. “ఊకనే, నీడకు కూసున్నం.”

ఆయన నన్నొకసారి చూసి, ముసలాయనకు ఎండ తగిలింది కాబోలు అనుకున్నట్టున్నాడు. లోపల బోరింగు ఉన్నది, నీళ్లు తాగుండ్రి అని చెప్పి పోయాడు.

పన్నెండు కొట్టింది. కుడికాలు లోపల పెట్టాం. బడిలో ఒక టీచరమ్మ అన్ని తరగతులనూ ఒక్కతే కాచుకుంటోంది. మేం వచ్చిన పని చెప్పగానే ఆమె ముఖం వెలిగింది, మరుక్షణమే వాడిపోయింది. పెద్ద సారు ఇప్పుడే పోయిండు కదమ్మా అంది. శుక్రవారం కదా, జుమ్మా నమాజుకు భైంసా పోతాడట. మిగతా శుక్రవారాలైతే తిరిగొస్తాడు. ఇవాళ నమాజు కాగానే అటునుంచి అటే మండలంలో మీటింగుకు. అది ముగిసేసరికి పొద్దుగూకుతుంది. చేర్చుకుని సంతకం పెట్టాల్సింది ఆయనే. హాజరు పుస్తకం బీరువాలో, బీరువా తాళంచెవి ఆయన జేబులో.

ఒంటిగంట దాటేదాకా ఫోను చేస్తూనే ఉన్నాం. నమాజు వేళ, ఫోను బందు.

మా పిల్ల ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. ఫైలును అట్లాగే గుండెకు పట్టుకుని వసారా మెట్టు మీద కూర్చుని, నేల చూస్తోంది. ఎన్నో ఏళ్లు రాత్రనకా పగలనకా చదివిన పిల్ల. గేటు దగ్గర కొలువు తనంతట తానే వచ్చి బండి ఆపి అడిగింది. ఈ పిల్ల దాన్ని ఊకనే కూసున్నం అని సాగనంపింది. నాకు లోపల పొయ్యి రాజుకుంది. మా ఇంటామెకు ఫోను చేశాను. విషయం చెప్పాను. నాకు తెలిసిన మాటలన్నీ అన్నాను, సీ నుంచి జెడ్ దాకా. అంతా విని ఆమె అన్నదేమిటంటే, రాహుకాలంల లోపటికి పోకుంటెనే గిట్లయింది, పోతే ఇంకేమయ్యేదో అని. ఫోను పెట్టేశాను.

అప్పుడు వంటగదిలోంచి వంటామె బయటికి వచ్చింది. గట్టి మనిషి, నడుముకు కొంగు బిగించి, చేతిలో గరిటె. మా గొడవంతా కిటికీలోంచి విన్నట్టుంది. ఆ వైపు వాళ్లకు తాతను ఆజోబా అనడం, ఆడపిల్లను తాయీ అనడం అలవాటు.

“ఆజోబా, ఫోను మీద ఎందుకు అరుస్తవ్? ఆమె మందమర్రిల ఉన్నది, సారు భైంసల ఉన్నడు,” అంది. “మా ఇంటాయనకు భైంసా చౌరస్త కాడ పంచర్ల దుకాణం. మజీదు నుంచి మండలానికి పోవాలంటె సారు గాడికెల్లే రావాలె. ఆపిస్త.”

నిలబడే ఫోను చేసి మొగుడికి మరాఠీ, తెలుగు కలిపి ఏదో చెప్పింది. పెట్టేసి మనవరాలి వైపు తిరిగింది.

“నువ్వేం నేల చూస్తున్నవ్ తాయీ? ఇయ్యాల నాకు తోడొచ్చే ఆమె రాలే. పిల్లలు ఆకలికి ఉన్నరు. పప్పు బకెట్ పట్టు.”

ఇంకా జాయిన్ కాలేదు కదా అని మా పిల్ల గొణిగింది. పప్పు పోసెటందుకు జాయిన్ గావాల్నా అని వంటామె బకెట్ చేతిలో పెట్టింది.

మనవరాలు ఫైలు నాకిచ్చింది. కొంగు దోపుకుంది. వసారాలో పిల్లలు వరసగా కూర్చున్నారు. మొదటి ఇద్దరికీ పైన తేరిన పప్పే పోసింది. మూడో పిల్ల పళ్లెం కింద చెయ్యి పెట్టి, టీచర్, నాకు జర గట్టి పప్పు కావాలె అంది. ఎవరు చెప్పారో ఆ పిల్లకు, టీచర్ అని! మా పిల్ల అడుగుదాకా గరిటె తిప్పి గట్టి పప్పు తీసి పోసింది. అది చూసి మిగతావాళ్లందరికీ గట్టి పప్పే కావాల్సి వచ్చింది. చివర కూర్చున్నవాళ్లకు నీళ్లు మిగులుతాయని ఆమె లెక్క వేసుకుని, సగం గట్టిది, సగం పలచనిది కలిపి పోస్తూ పోయింది. ఒకడు గుడ్డును జేబులో దాచుకుంటుంటే, ఎందుకురా అని అడిగింది. చెల్లె కోసమని వాడన్నాడు. ఆమె వాడి జేబు సర్ది, గుడ్డు చితికిపోకుండా పైజేబులోకి మార్చింది. నేను ఫైలు పట్టుకుని చూస్తూ నిలబడ్డాను. ఆ కాసేపు అది నా చేతిలో ఉన్నదన్న సంగతే ఆమె మరిచిపోయింది. నేను మరవలేదు. గేటు వైపు ఒక కన్ను వేసే ఉంచాను.

బండి చప్పుడు వినబడింది. పెద్ద సారు దుమ్ము లేపుకుంటూ వచ్చాడు. తల మీద టోపీ అట్లాగే ఉంది. బండి దిగుతూనే, ఏ పిల్లకు ఏమైంది, ఎక్కడ పడ్డది అని అడిగాడు. పంచర్లాయన రోడ్డుకు అడ్డం నిలబడి, బడికి జల్ది పొండ్రి సార్ అని మాత్రం చెప్పాడట. ఎందుకో చెప్పలేదట. చెప్తే మీటింగు తర్వాత వస్తానంటారని భయమట. అది పెండ్లాం నేర్పిన తెలివి.

ఎవరూ పడలేదని తెలిసి ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. అప్పుడు చూశాడు, పప్పు బకెట్‌తో నిలబడ్డ మా పిల్లను.

“పొద్దుగాల నీడకు కూసున్నది నువ్వే గద బేటీ?”

“అవ్ సార్. కొత్త టీచర్‌ను.”

ఆయన టోపీ తీసి జేబులో పెట్టుకున్నాడు. “ఎన్ని నెలలసంది ఒక టీచర్ కోసం మండలం చుట్టు తిరుగుతున్న,” అన్నాడు. “ఇయ్యాల మీటింగుల సుత గదే అడగాలని పోతున్న. నువ్వు నా గేటు కాడనే కూసొని, ఊకనే అంటివి.”

మనవరాలు తల దించుకుని రాహుకాలం సంగతి చెప్పింది. కోపగించుకుంటాడేమోనని నేను ముందుకు జరిగాను, నాలుగు మాటలు సిద్ధం చేసుకుని. ఆయన నవ్వాడు. గడ్డమంతా కదిలేలా నవ్వాడు.

“పన్నెండు దాటినంక వచ్చుడు మీ అమ్మమ్మ గడియ. పన్నెండుకు ముందు పోవుడు నా గడియ. ఇద్దరం భక్తిపరులమే, నడుమ నువ్వు పరేషాన్ అయినవ్.”

నా నాలుగు మాటలూ నాలోనే ఉండిపోయాయి. ఎవరి మీద అనాలి? కోపం తెచ్చుకున్నవాడికి కోపం పెట్టుకునే చోటు దొరకకపోవడం కంటే అన్యాయం లేదు.

ఆయన మండలానికి ఫోను చేసి, కొత్త టీచరమ్మ వచ్చింది, నాకు కొంచెం ఆలస్యమైతది అని చెప్పాడు. ఆ చెప్పడంలో ఎంత గర్వమో. బీరువా తాళం తీయబోతూ ఆగి, ముందు అన్నం తిను బేటీ, సంతకం ఎక్కడికీ పోదు అన్నాడు. మా పిల్ల ఒప్పుకోలేదు. ముందు సంతకమే సార్ అంది. చెయ్యి కడుక్కుని, కొంగుకు తుడుచుకుని, ఆయన చూపించినచోట పేరు రాసింది. ఏదన్నా అక్షరం తక్కువ పడిందేమోనన్నట్టు ఒకసారి మళ్లీ చదువుకుంది. ఆయన కింద సంతకం పెట్టాడు. అయిపోయింది. ఇన్నేళ్ల చదువు, మూడు రోజుల పంచాంగం, నా తుమ్ము, అన్నీ ఆ గీతలో కలిసిపోయాయి.

బయటికి వచ్చేసరికి వంటామె పిల్లల వరసలో నడుమ ఇద్దరిని జరిపి మా పిల్లకు చోటు చేసింది. నాకు ఆ చివర. గట్టి పప్పు అడిగిన పిల్ల టీచర్ పక్కన కూర్చోవడానికి తన పళ్లెం ఎత్తుకుని వరస మొదటినుంచి నడుమకు వచ్చింది. పెద్ద సారు కూడా నిలబడే ఒక పళ్లెం అందుకున్నాడు. చౌరస్త కాడ ఆపితే ఆకలి మర్చిపోయి వచ్చిన అన్నాడు. నాకు పడ్డది పలచని పప్పే. ఫిర్యాదు చేయలేదు. నా వయసులో అది రాయదగ్గ విషయం.

తినడం సగంలో ఉండగా మళ్లీ ఫోను మోగింది. మనవరాలు ఎడమచేత్తో పట్టుకుంది. ఏ గడియల జాయినయినవ్ బిడ్డా అని మా ఇంటామె అడగడం నాకు ఈ చివరికి వినబడింది. ఆమెకు ఫోను అవసరం లేదు, అలవాటు కొద్దీ వాడుతుంది.

మా పిల్ల అటూ ఇటూ చూసింది. వరసలో పిల్లలందరూ తినడం ఆపి, టీచర్ ఏం చెప్తుందోనని చెవులు పెట్టారు.

“అందరం కలిసి అన్నం తినే గడియల, అమ్మమ్మా.”

“గంతకన్న మంచి గడియ ఏముంటది,” అంది మా ఇంటామె. “జర మీ తాతకియ్యి.”

ఫోను పిల్లల చేతుల మీదుగా, పప్పు మరకలు అంటించుకుంటూ నా దగ్గరికి వచ్చింది.

“చూసినవా,” అంది మా ఇంటామె. “నేను చెప్పలే, పన్నెండు దాటితె అంత మంచిగైతదని?”

జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. మంచి జవాబు. కానీ ఇన్నేళ్లుగా ఆమెతో జాయిన్ అయి ఉన్నవాణ్ణి, ఎప్పుడు పప్పన్నం తింటూ ఊరుకోవాలో నాకు తెలుసు.